బార్బొరా స్ట్రికోవా కెరీర్: సానియా పార్ట్‌నర్ అని ఒక్కమాటలో తేల్చేస్తే ఎలా?

డ్రాప్‌షాట్_డైరీ:
మన దగ్గర చెక్ టెన్నిస్ ప్లేయర్ స్ట్రికోవా పేరు ఎత్తగానే వచ్చే మాట ఒకటే: "మన సానియాతో ఆడింది, ఆవిడేగా?" నిజమే, 2016 ఆగస్టు నుంచి 2017 మార్చి దాకా ఇద్దరూ కలిసి ఆడారు. ఆ కొన్ని నెలలకు ముందూ వెనకా ఉన్న కెరీర్ గురించి తెలుగులో పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. అందుకే ఈ థ్రెడ్.

విషయం ఇదీ. 1986 మార్చిలో ప్ల్జెన్‌లో పుట్టింది. ఎత్తు 1.64 మీటర్లు. పెద్ద సర్వ్ లేదు. సింగిల్స్‌లో అత్యుత్తమ ర్యాంకు 16. 33 ఏళ్లు వచ్చాక, 2019లో, మొదటిసారి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ సెమీఫైనల్ ఆడింది. అదే వింబుల్డన్‌లో డబుల్స్ గెలిచింది, ఆ మరుసటి రోజు వచ్చిన ర్యాంకింగ్స్‌లో డబుల్స్ నంబర్ వన్ అయింది. 2021లో ఆట మానేసి, బిడ్డను కని, 2023లో తిరిగొచ్చి మళ్లీ వింబుల్డన్ డబుల్స్ గెలిచింది.

నా వాదన ఒకటే. చెక్ మహిళల టెన్నిస్ ఎందుకంత బలంగా ఉందో తెలియాలంటే రెండుసార్లు వింబుల్డన్ గెలిచిన పెట్రా క్విటోవా కెరీర్ చూస్తే తెలియదు, స్ట్రికోవా కెరీర్ చూడాలి. క్విటోవా అంతటి ప్రతిభ ఏ దేశంలోనైనా ఎప్పుడో ఒకసారి పుట్టొచ్చు. స్ట్రికోవా లాంటి ప్లేయర్ అన్నేళ్లు టూర్‌లో నిలబడి, ముప్పై దాటాక శిఖరం ఎక్కాలంటే వెనక ఒక వ్యవస్థ ఉండాలి. మీరేమంటారు?

ట్యాంక్‌బండ్_టెన్నిస్:
మంచి టాపిక్. సానియా సంగతి కూడా కొంచెం వివరంగా చెప్పుకుందాం, అక్కడ మనకు తెలియని మలుపులు చాలా ఉన్నాయి.

2016 రియో ఒలింపిక్స్. మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం మ్యాచ్‌లో సానియా-బోపన్న ఓడిపోయారు కదా, ఎవరి చేతిలో? లూసీ హ్రాడెకా, రాదెక్ స్టెపానెక్. చెక్ జంట. 6-1, 7-5. ఆ రోజు హైదరాబాద్‌లో టీవీల ముందు కూర్చున్న వాళ్లందరికీ ఆ బాధ ఇంకా గుర్తే. సరిగ్గా వారం తిరిగేసరికి సిన్సినాటిలో అదే సానియా ఒక చెక్ ప్లేయర్‌తో కలిసి టైటిల్ ఎత్తింది. ఫైనల్లో అవతల ఎవరో కాదు, అప్పుడే విడిపోయిన మార్టినా హింగిస్, కోకో వాండవే. స్కోరు 7-5, 6-4. అప్పటిదాకా సానియా, హింగిస్ నంబర్ వన్ ర్యాంకును పంచుకుంటున్నారు. ఆ గెలుపుతో సానియా ఒక్కతే నంబర్ వన్ అయింది.

ఆ ఫైనల్లో ఎంత టెన్షన్ ఉందో మాటల్లో చెప్పలేను. పదమూడు టైటిళ్లకు పైగా కలిసి గెలిచిన పార్ట్‌నర్ నెట్‌కు అవతల నిలబడితే, పక్కన ఉన్నది కొత్త మనిషి. కలిసి ఆడుతున్న మొదటి టోర్నీ. అలాంటి చోట ఆ కొత్త మనిషి తడబడలేదు.

లెక్కలమాస్టారు:
గౌరవంతోనే విభేదిస్తున్నాను. స్ట్రికోవాకు సింగిల్స్‌లో మొత్తం రెండే టైటిళ్లు: 2011 క్యూబెక్ సిటీ, 2017 లింజ్. క్విటోవాకు 31. రెండు వింబుల్డన్లు. ఒక మంచి వింబుల్డన్ వచ్చినంత మాత్రాన దేశపు టెన్నిస్ మొత్తానికి ఈమెను ప్రతినిధిగా నిలబెట్టడం ఎక్కువేమో. పైగా ఆ సెమీస్‌లో సెరెనా 6-1, 6-2తో గంటలోపే ముగించేసింది.

డ్రాప్‌షాట్_డైరీ:
> క్విటోవాకు 31

క్విటోవా గొప్పదా స్ట్రికోవా గొప్పదా అని నేను అడగనేలేదు మాస్టారూ. క్విటోవానే గొప్ప, అందులో ఎవరికీ సందేహం లేదు. నేనడిగింది వేరు. ఇంత పరిమితమైన ఆయుధాలున్న మనిషి అంత దూరం ఎలా వెళ్లింది అన్నది.

జూనియర్ రోజులు చూడండి. 2002 ఆస్ట్రేలియన్ ఓపెన్ బాలికల ఫైనల్లో 6-0, 7-5తో గెలిచింది. ఓడిపోయిన అమ్మాయి పేరు మరియా షరపోవా. తర్వాతి ఏడాది కూడా అదే టైటిల్ స్ట్రికోవాదే. రెండేళ్లు తిరక్కుండానే, 2004లో, షరపోవా సెరెనాను ఓడించి వింబుల్డన్ ఛాంపియన్ అయింది. స్ట్రికోవా అదే వింబుల్డన్‌లో సెమీస్ చేరడానికి 2019 దాకా పట్టింది. పదహారేళ్లకు "రేపటి స్టార్" అనిపించుకుని, తను ఓడించిన అమ్మాయి ప్రపంచమంతా ఏలుతుంటే చూస్తూ చిన్న చిన్న టోర్నీలు తిరగడం ఎంత కష్టం! చాలామంది అక్కడే ఆగిపోతారు.

పోచ్_చేసే_పద్మ:
ఆమె ఆట గురించి నాలుగు మాటలు. క్లబ్ స్థాయిలో డబుల్స్ ఆడే నా లాంటి వాళ్లకు స్ట్రికోవా మ్యాచ్‌లు పాఠాలు.

ఎత్తు లేదు కాబట్టి సర్వ్‌తో పాయింట్లు రావు. బేస్‌లైన్ మీద నిలబడి కొట్టే పోటీలో సొంత దేశపు కరోలినా ప్లిస్కోవా లాంటి వాళ్లతో నెగ్గలేదు. అందుకని బంతికి ఎదుటివాళ్ల నడుము దాకా లేచే అవకాశమే ఇవ్వదు. బ్యాక్‌హ్యాండ్ స్లైస్ (బంతిని కోసినట్టు కొట్టే షాట్) కిందకి, ఇంకా కిందకి. ఎదురుగా ఉన్న ఆరడుగుల మనిషి మోకాళ్లు వంచి బంతిని లేపాల్సి వస్తుంది. లేచిన బంతి కోసం ఈమె అప్పటికే నెట్ దగ్గరికి వచ్చేసి ఉంటుంది. వాలీ (బంతి నేల తాకకముందే కొట్టడం) అయిపోతే అయిపోయింది, లేదంటే నెట్ దాటగానే బంతిని పడేసే డ్రాప్ షాట్, దాని వెనకే తలమీదుగా లాబ్.

ఈ ఆట గడ్డి కోర్టు మీద రెట్టింపు పనిచేస్తుంది, ఎందుకంటే స్లైస్ అక్కడ జారుతుంది, లేవదు. సింగిల్స్‌లో ఆమె పెద్ద విజయాలు చాలావరకు గడ్డి మీద రావడం యాదృచ్ఛికం కాదు. బర్మింగ్‌హామ్‌లో రెండుసార్లు ఫైనల్ (2014, 2016). 2014 వింబుల్డన్ క్వార్టర్స్. ఆ ఏడాది మూడో రౌండ్లో రెండో సీడ్ లీ నాను 7-6, 7-6తో ఓడించింది. లీ నా కెరీర్‌లో అదే చివరి మ్యాచ్ అయింది. తర్వాత వోజ్నియాకి. క్వార్టర్స్‌లో ఆపింది మళ్లీ సొంత దేశపు క్విటోవానే, ఆ ఏడాది ఛాంపియన్.

2019కి వద్దాం. మూడో రౌండ్లో నాలుగో సీడ్ కికి బెర్టెన్స్. తర్వాత ఎలిస్ మెర్టెన్స్ చేతిలో మొదటి సెట్ పోగొట్టుకుని గెలిచింది. క్వార్టర్స్ అయితే సెంటర్ కోర్టులో యొహానా కొంటాతో. స్టేడియం మొత్తం బ్రిటిష్ అమ్మాయి వైపే. మొదటి సెట్లో 1-4 వెనకబడి, టైబ్రేక్‌లో ఆ సెట్ గుంజుకుని, రెండోది 6-1. కొంటా చాలా గట్టిగా కొడుతుంది. గట్టిగా కొట్టడానికి వీలయ్యే బంతి ఒక్కటీ ఇవ్వకపోతే ఏమవుతుందో ఆ రెండో సెట్లో కనిపిస్తుంది.

సెరెనా మ్యాచ్ సంగతి మాస్టారు అన్నది నిజం. ఆ రోజు సెరెనా సర్వ్ ముందు ఈ ఉపాయాలేవీ నిలవలేదు. కానీ ఆ తర్వాత డబుల్స్ ఫైనల్‌కు వచ్చి 6-2, 6-4తో గెలవడం చూడండి. సింగిల్స్‌లో అంత ఏకపక్షంగా ఓడి, అదే వారాంతంలో మనసు కూడదీసుకోవడం నాకు సెమీస్ కన్నా పెద్ద విషయం.

ట్యాంక్‌బండ్_టెన్నిస్:
పద్మగారూ, ఆ డబుల్స్ ఫైనల్లో ఓడింది ఎవరో గమనించారా? గాబ్రియెలా దబ్రోస్కీ, షు యిఫాన్. 2017 మయామి ఫైనల్లో సానియా-స్ట్రికోవాను 6-4, 6-3తో ఓడించిన జంట వాళ్లే. సానియాతో కలిసి స్ట్రికోవా ఆడిన చివరి ఫైనల్ అది.

నెట్‌కార్డ్:
సానియాతో జోడీ ఫెయిల్ అయిందని చాలాచోట్ల రాశారు అప్పట్లో. నేను ఒప్పుకోను. సిన్సినాటి, టోక్యో టైటిళ్లు. టోక్యో ఫైనల్ అయితే 6-1, 6-1. వూహాన్, సిడ్నీ, మయామిలో ఫైనల్ దాకా వెళ్లి ఓడారు. ఎనిమిది నెలల్లోపు ఐదు ఫైనల్స్. ఏ కొత్త జంటకైనా ఇది మంచి రికార్డే. కాకపోతే గ్రాండ్‌స్లామ్ రాలేదు: 2016 యూఎస్ ఓపెన్ క్వార్టర్స్‌లో గార్సియా-మ్లదెనోవిచ్ ఆపారు, 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండ్లోనే జపాన్ జంట ఆపింది. సానియా-హింగిస్ వరుసగా మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన అలవాటులో ఉన్న మనకు అది తక్కువగా కనిపించింది. హింగిస్‌తో పోలిస్తే ఎవరైనా తక్కువే.

వరంగల్_వాలీ:
ఒక ప్రశ్న అడగక తప్పదు. 2012 చివర్లో డోపింగ్ కేసు ఉంది కదా. ఇంత మెచ్చుకుంటూ దాన్ని పక్కన పెట్టేస్తే సరికాదు.

డ్రాప్‌షాట్_డైరీ:
అడగాల్సిన ప్రశ్నే. 2012 అక్టోబరులో లక్సెంబర్గ్ టోర్నీలో చేసిన పరీక్షలో సిబుట్రమైన్ కనపడింది. ఆకలి తగ్గించడానికి వాడే మందు అది. ఒక సప్లిమెంట్ ద్వారా ఒంట్లోకి వచ్చిందన్న ఆమె వివరణను, ఆట మెరుగుపరుచుకునే ఉద్దేశం లేదన్న మాటను అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య అంగీకరించింది. అయినా ఆరు నెలల నిషేధం వేసింది. వేయడం న్యాయమే అని నా అభిప్రాయం. ఒంట్లోకి వెళ్లే ప్రతిదానికీ ప్లేయరే బాధ్యురాలు, ఆ నియమం సడలిస్తే ఎవరైనా అదే మాట చెబుతారు.

శిక్ష పూర్తిచేసి 2013లో వచ్చింది. అప్పటికి 27 ఏళ్లు. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న పెద్ద ఫలితాలు దాదాపు అన్నీ ఆ తర్వాతివే. ఆ ఆరు నెలలు ఆమెను మార్చాయో లేదో బయటివాళ్లం చెప్పలేం. ఫలితాలు మాత్రం కళ్ల ముందున్నాయి.

వరంగల్_వాలీ:
సరే, నిషేధం న్యాయమే అన్నారు కాబట్టి నాకు పేచీ లేదు. నా వరకు ఆమె కెరీర్ గురించి చెప్పేటప్పుడు ఆ ఆరు నెలలు కూడా చెప్పాలి, అంతే.

ప్రాగ్‌లో_ప్రవాసి:
ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి వ్యవస్థ అన్న మాట మీద రాయాలనిపించింది. దేశ జనాభా కోటి దాటి కాస్త. మన హైదరాబాద్ నగరమంత. ఆ లెక్కన ఇంతమంది ప్లేయర్లు ఎక్కడి నుంచి వస్తున్నారని నేనూ మొదట్లో ఆశ్చర్యపోయాను.

చిన్న ఊళ్లలో కూడా ఎర్రమట్టి కోర్టులున్న క్లబ్ ఒకటి కనపడుతుంది. చలికాలం వస్తే కోర్టుల మీద గాలి నింపిన డోమ్ వేస్తారు, ఆట ఆగదు. పిల్లలు క్లబ్ జట్టు తరఫున పోటీల్లో ఆడతారు. ఆ మెట్ల చివర ఎక్స్‌ట్రాలీగా ఉంది, దేశంలో క్లబ్ జట్ల అగ్రశ్రేణి పోటీ. అక్కడ గ్రాండ్‌స్లామ్ ఛాంపియన్ పక్కన ఆ క్లబ్ కుర్రపిల్ల కూడా ఆడుతుంది. ప్రొస్తెయోవ్ క్లబ్ పేరు మీరు వినే ఉంటారు, క్విటోవా అక్కడే సాధన చేసింది. డబుల్స్ మీద వీళ్లకున్న పట్టుకు ఈ జట్టు ఆటలే ఒక కారణం అని నేననుకుంటాను. చిన్నప్పటి నుంచి పక్కన ఒక మనిషి ఉండగా ఆడటం అలవాటవుతుంది.

ఇంకో సంగతి. ప్రాగ్‌లో వల్తవా నది మధ్య స్త్వానిత్సే అనే లంకలో జాతీయ టెన్నిస్ స్టేడియం ఉంది. 1975లో దేశం విడిచి అమెరికా వెళ్లిపోయిన మార్టినా నవ్రతిలోవా, 1986లో అమెరికా జట్టుతో అక్కడికే ఫెడరేషన్ కప్ (దేశాల మహిళా జట్ల పోటీ, తర్వాత ఫెడ్ కప్ అన్నారు) ఆడటానికి వచ్చింది. చెకోస్లోవేకియానే ఫైనల్లో ఓడించింది. స్టేడియంలోని జనం మాత్రం ఆమెకే చప్పట్లు కొట్టారు. స్ట్రికోవా పుట్టింది ఆ ఏడాదే. ఆ తరం చెక్ పిల్లలకు నవ్రతిలోవా, మండ్లికోవా, సుకోవా, నొవోత్నా పేర్లు ఇంట్లో మనుషుల పేర్లలా వినపడేవి.

లెక్కలమాస్టారు:
ప్రవాసిగారి పోస్టు బాగుంది. అయినా వ్యవస్థకు ఉదాహరణ కావాలంటే లూసీ షఫరోవాను తీసుకోండి. 2015 ఫ్రెంచ్ ఓపెన్ సింగిల్స్ ఫైనల్, సింగిల్స్‌లో ఐదో ర్యాంకు, మాటెక్-శాండ్స్‌తో కలిసి ఐదు డబుల్స్ గ్రాండ్‌స్లామ్‌లు. ఈ అంకెలన్నిటిలోనూ స్ట్రికోవా కన్నా పైనే.

డ్రాప్‌షాట్_డైరీ:
అంకెల్లో షఫరోవాదే పైచేయి, కాదనను. కానీ ఎడమచేతి సర్వ్, పెద్ద ఫోర్‌హ్యాండ్ ఉన్న ప్లేయర్ ఆవిడ. ఆ బలాలు స్ట్రికోవాకు లేవు.

పైగా మీరు తెచ్చిన పేరే నా మాటకు సాక్ష్యం. రియోలో డబుల్స్ కాంస్యం మ్యాచ్ ఎవరెవరికి జరిగింది? ఒకవైపు షఫరోవా-స్ట్రికోవా, మరోవైపు హ్లవచ్కోవా-హ్రాడెకా. రెండూ చెక్ జంటలే. రెండో జంట అంతకుముందు లండన్‌లో రజతం గెలిచినవాళ్లు. షఫరోవా-స్ట్రికోవా 7-5, 6-1తో గెలిచారు. అదే ఒలింపిక్స్‌లో క్విటోవాకు సింగిల్స్ కాంస్యం, హ్రాడెకాకు స్టెపానెక్‌తో మిక్స్‌డ్ కాంస్యం. పతకం కోసం మన దేశపు రెండు మహిళల జంటలు ఒకదానితో ఒకటి పోటీపడే రోజు ఊహించండి. ఆ స్థితికి రావాలంటే ఒక సానియా సరిపోదు.

పోచ్_చేసే_పద్మ:
ఫెడ్ కప్ లేకుండా ఈ చర్చ పూర్తికాదు. 2011, 12, 14, 15, 16, 18. చెక్ జట్టుకు ఎనిమిదేళ్లలో ఆరు కప్పులు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2016 స్ట్రాస్‌బర్గ్ ఫైనల్, ఫ్రాన్స్ మీద, ఫ్రాన్స్‌లోనే. మొదటి రోజు ప్లిస్కోవా మూడో సెట్లో 16-14తో మ్లదెనోవిచ్‌ను ఓడించింది. క్విటోవా గార్సియా చేతిలో ఓడింది. రెండో రోజు ప్లిస్కోవాను కూడా గార్సియా ఓడించేసరికి ఫ్రాన్స్ 2-1 ఆధిక్యంలో ఉంది. ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే కప్పు వాళ్లదే. ఆ నాలుగో మ్యాచ్‌కి క్విటోవాను పక్కనపెట్టి స్ట్రికోవాను దింపారు. రెండుసార్లు వింబుల్డన్ గెలిచిన మనిషిని కూర్చోబెట్టి! కోర్నేను 6-2, 7-6తో ఓడించి 2-2 చేసింది. ఊపిరి తీసుకునే వ్యవధిలో మళ్లీ కోర్టులోకి, ప్లిస్కోవాతో డబుల్స్. ఎదుట గార్సియా, మ్లదెనోవిచ్. ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ డబుల్స్ ఛాంపియన్లు, సొంత జనం ముందు ఆడుతున్నారు. 7-5, 7-5. కప్పు చెక్‌ది.

ఒకే రోజు, పరాయి గడ్డ మీద, రెండు మ్యాచ్‌లూ తప్పక గెలవాల్సినవే. మాస్టారూ, ఆమె రెండు సింగిల్స్ టైటిళ్ల లెక్కలో ఈ రోజు ఎక్కడా కనపడదు. ర్యాంకుల్లోనూ కనపడదు.

2018 ఫైనల్ ప్రాగ్‌లో అమెరికా మీద. గాయం, అనారోగ్యం వల్ల పెద్ద పేర్లు లేవు. మొదటి మ్యాచ్‌లో సోఫియా కెనిన్ చేతిలో తొలి సెట్ పోయాక 6-7, 6-1, 6-4తో గెలిపించింది ఈవిడే.

లెక్కలమాస్టారు:
స్ట్రాస్‌బర్గ్ వివరాలు చదివాక జట్టు ఆటగత్తెగా ఆమె స్థాయి మీద నాకు అభ్యంతరం లేదు. సింగిల్స్ మీద నా మాట అలాగే ఉంది.

నెట్‌కార్డ్:
2019 వింబుల్డన్ డబుల్స్‌లో స్ట్రికోవా పార్ట్‌నర్ షే సు-వీ గురించి ఎవరూ రాయలేదు! తైవాన్ ప్లేయర్, ఫోర్‌హ్యాండ్ కూడా రెండు చేతులతో. బంతి ఎటు పోతుందో ఎవరికీ అంతుపట్టదు. వేగం మీద బతికే జంటలకు ఈ ఇద్దరూ కలిస్తే పెద్ద తలనొప్పి. 2020 మొదట్లో బ్రిస్బేన్, దుబాయ్, దోహా టైటిళ్లు కొట్టేశారు, ఆ మధ్యలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో బాబోస్-మ్లదెనోవిచ్ చేతిలో ఓడారు. అంతలోనే కోవిడ్ వచ్చి టూర్ ఆగిపోయింది. ఇద్దరూ పీక్‌లో ఉన్న నెలలు అలా పోయాయి. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఉసూరుమనిపిస్తుంది.

ట్యాంక్‌బండ్_టెన్నిస్:
2023 గురించి నేను రాస్తాను. సానియా ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి టోర్నీ ఆడింది. మార్చిలో ఎల్బీ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్‌లు. స్ట్రికోవా తిరిగి రాకెట్ పట్టి టూర్‌లోకి వచ్చింది ఏప్రిల్‌లో. ఒకరు వెళ్తుంటే ఇంకొకరు వచ్చారు. 2018లో బిడ్డను కన్న సానియా 2020లో హోబర్ట్ టైటిల్‌తో తిరిగొచ్చినప్పుడు మనమెంత సంబరపడ్డామో, 2021 సెప్టెంబరులో కొడుకును కన్న స్ట్రికోవా కోసం చెక్ వాళ్లు అంతే సంబరపడి ఉంటారు.

అంత విరామం తర్వాత నేరుగా పెద్ద టోర్నీల్లో ఎలా ఆడిందని అనుమానం రావచ్చు. తల్లులైన ప్లేయర్లకు మహిళల టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏలో ప్రత్యేక ర్యాంకింగ్ ఉంటుంది. ఆట ఆపినప్పటి ర్యాంకుతో కొన్ని టోర్నీల్లో ఎంట్రీ ఇస్తారు. ఈ నియమం లేకపోతే 37 ఏళ్ల వయసులో అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి, ఎవరూ తిరిగి రారు.

జులైలో షే సు-వీతో మళ్లీ వింబుల్డన్. ఫైనల్లో స్టార్మ్ హంటర్, ఎలిస్ మెర్టెన్స్ మీద 7-5, 6-4. అంతకుముందు రోజే సింగిల్స్‌ను సీడింగ్ కూడా లేని మార్కెటా వొంద్రుషోవా గెలిచింది. వరుసగా రెండు రోజులు సెంటర్ కోర్టులో చెక్ జెండా. ఆ తర్వాత యూఎస్ ఓపెన్‌తో స్ట్రికోవా ఆట ముగించింది.

కొత్తమెంబర్_కాకినాడ:
నమస్కారం అందరికీ. నేను టెన్నిస్ ఈమధ్యే చూడటం మొదలుపెట్టాను. మా అమ్మాయికి పదేళ్లు, పొట్టిగా ఉంటుంది, సర్వ్‌లో బలం లేదని కోచింగ్‌లో అంటున్నారు. స్ట్రికోవా మ్యాచ్‌లు చూపించాలంటే ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పోచ్_చేసే_పద్మ:
కాకినాడ గారూ, 2019 వింబుల్డన్ కొంటా మ్యాచ్‌తో మొదలుపెట్టండి, మొదటి సెట్ 1-4 నుంచి. పాపను స్కోరు చూడొద్దనండి, కొట్టాక స్ట్రికోవా కాళ్లు ఎటు కదులుతున్నాయో చూడమనండి. తర్వాత 2014 లీ నా మ్యాచ్. పదేళ్ల పాపకు సర్వ్ బలం గురించి ఇప్పుడే బెంగ అక్కర్లేదు. స్లైస్, వాలీ మాత్రం ఈ వయసులోనే నేర్పించండి. చాలా అకాడమీల్లో వాటికి టైమే ఇవ్వరు, మీరే అడిగి చెప్పించుకోవాలి.

ప్రాగ్‌లో_ప్రవాసి:
వీలైతే వారంలో ఒకరోజు డబుల్స్ కూడా ఆడించండి. ఇక్కడి క్లబ్బుల్లో పిల్లలకు చిన్నప్పటి నుంచే అది అలవాటు చేస్తారు.

లెక్కలమాస్టారు:
దానితో పాటు స్ట్రాస్‌బర్గ్ డబుల్స్ కూడా చూపించండి. నేను ఈ ఆదివారం మొత్తం మ్యాచ్ చూడబోతున్నాను, చూశాక ఇక్కడే రాస్తాను.